చిన్న మోటార్ బోటుకు 12×9 ఎలక్ట్రిక్ ట్రిమ్ ట్యాబ్‌లు: కిట్ మంచిదే, కథంతా బిగింపులోనే ఉంది

పదిహేను నుంచి పద్దెనిమిది అడుగుల ఔట్‌బోర్డ్ బోటుకు (ఇంజిన్ వెనుక బయట తగిలించినది) ట్రిమ్ ట్యాబ్‌లు, అంటే వెనుక పలక కింది అంచున బిగించి బోటు వాలు సరిచేసుకునే ప్లేట్లు, వెతికేవాళ్లు తిరిగి తిరిగి 12×9 ఎలక్ట్రిక్ కిట్ దగ్గరికే వస్తారు. ఒక్కో వైపుకు 12 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల పొడవున్న స్టెయిన్‌లెస్ ప్లేటు, దాన్ని కిందికి నెట్టే 12 వోల్టుల యాక్చువేటర్, డాష్‌బోర్డుకు ఒక స్విచ్, మధ్యలో వైర్లు. పెట్టెలో వచ్చేది ఇంతే. ఈ సైజు బోటుకు ఈ కిట్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. ఐదుకు నాలుగు ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గిందంటే, మోటారు, గేర్లు ఉన్న భాగం ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది. దాని సీలు పోయిందంటే బాగుచేయడమనేది ఉండదు, యాక్చువేటర్ మొత్తం మార్చాల్సిందే.

కొనేముందు ఆశలు కాస్త సర్దుకోవాలి. ఒక వైపు ట్యాబ్ దించితే దాని మీద నీటి ఒత్తిడి పడి ఆ వైపు వెనుక భాగం లేస్తుంది, ఎదురు మూలలో ముక్కు దిగుతుంది. రెండూ దించితే ముక్కు మొత్తం దిగుతుంది. కాబట్టి బోటు త్వరగా నీటిపైకి లేచి పరుగందుకుంటుంది, వేగం తగ్గించినా మళ్లీ కూలబడదు. ఒక పక్క మనిషి బరువెక్కువైనా, పక్కగాలి కొట్టినా వాలు సరిచేయవచ్చు. ముక్కు ఆగకుండా ఎగిరెగిరి పడే జబ్బు కూడా చాలావరకు తగ్గుతుంది. ఇంజిన్ ట్రిమ్‌తో (ఇంజిన్‌ను ముందుకూ వెనక్కూ వంచే ఏర్పాటు) ముక్కును ఎత్తొచ్చు, దించొచ్చు గానీ పక్కవాలును సరిచేయలేం. ట్యాబ్‌ల అసలు విలువ అక్కడే ఉంది.

సరిపడని ప్రొపెల్లర్‌ను ఇవి సరిచేయవు. అడుగున ఫోమ్ నీళ్లు పీల్చుకుని బరువెక్కిన బోటును లేపవు. రెండు బ్యాటరీలు, పెట్రోలు ట్యాంకు, ఐస్ పెట్టె అన్నీ వెనుకే పేర్చి పెట్టుకుని ముక్కు లేస్తోందంటే, ముందు ఒక బ్యాటరీని ముందుకు జరిపి చూడాలి. అది ఖర్చు లేని ట్రిమ్ ట్యాబ్. బోటు ఎప్పుడూ ఎడమకే వాలుతోందంటే అది ప్రొపెల్లర్ తిరుగుడు వల్ల కూడా కావచ్చు. వెనుక నుంచి చూస్తే కుడికి తిరిగే ప్రొపెల్లర్ బోటును ఎడమకు వాలుస్తుంది. చాలా బోట్లలో నడిపేవాడి సీటు కుడివైపు ఉండటానికి ఇదీ ఒక కారణం.

సైజు సంగతి. పాత గుడ్డి గుర్తు ఒకటుంది: బోటు పొడవు అడుగుకు ఒక్కో వైపు ఒక అంగుళం వెడల్పు. ఆ లెక్కన 18 అడుగుల బోటుకు 18 అంగుళాల ట్యాబ్ కావాలి, కానీ వెనుక పలక మీద చోటుండాలి కదా. అడుగు వెడల్పు 60 అంగుళాలైతే సగం 30. పక్క అంచు నుంచి 4, ఇంజిన్ మధ్యరేఖ నుంచి 8 వదిలితే మిగిలేది 18. అందులోనే ఫిష్ ఫైండర్ ట్రాన్స్‌డ్యూసర్, పంపు పికప్, ట్రైలర్ పట్టీలు ఇమడాలి. అందుకే 12 దగ్గర ఆగుతారు. తేలికైన, పాతిక నాట్ల వేగం దాటి పోయే బోటుకు అది చాలు. నీటి బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 15 నాట్ల దగ్గర ట్యాబ్ ఇచ్చే లిఫ్టుకు (పైకెత్తే బలానికి) 30 నాట్ల దగ్గర అదే ట్యాబ్ నాలుగు రెట్లు ఇస్తుంది. ఈ కారణంగానే బరువైన, నెమ్మదిగా నడిచే బోటుకు పెద్దది కావాలి. చోటుంటే 18×9 తీసుకోండి. పొడవు కంటే వెడల్పు పెంచడమే మేలు, అదే లిఫ్టుకు డ్రాగ్ (నీటి అడ్డు) తక్కువ.

పోటీలో ఉన్నవి ఏమిటంటే: లెంకో ఎలక్ట్రిక్‌కు పేరుపడింది, బెన్నెట్ హైడ్రాలిక్‌కు. హైడ్రాలిక్‌లో మోటారు, పంపు, వాల్వులు బోటు లోపల పొడిగా ఉంటాయి. బయట నీళ్లలో ఉండేది సిలిండర్ ఒక్కటే. పోసేది మామూలు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్, ట్యాంకు గీత చూసి నింపుకోవడమే. పంపు ఒత్తిడితో ట్యాబ్ దిగుతుంది, వాల్వు తెరిస్తే స్ప్రింగు దాన్ని పైకి లాగుతుంది. గొట్టం కారినా ట్యాబ్ పైకే పోతుంది. ఎలక్ట్రిక్ యాక్చువేటర్ ఎక్కడ చచ్చిపోతే అక్కడే నిలబడుతుంది. ఏడాది పొడవునా ఉప్పునీటిలోనే కట్టి ఉంచే బోటైతే నా ఓటు హైడ్రాలిక్‌కే. ట్రైలర్ మీద ఇంటికి వచ్చే బోటుకు ఎలక్ట్రిక్ సుఖం: ఆయిలు గొట్టాల గొడవ లేదు, ఒక పూట పని.

గ్యాస్ షాక్‌తో తనంతట తానే లేచి దిగే స్మార్ట్ ట్యాబ్స్ లాంటివి ఇంకా చవక. వైరింగే ఉండదు. వేగం తక్కువగా ఉన్నప్పుడు కిందికి నొక్కుతాయి, నీటి ఒత్తిడి పెరిగితే లొంగుతాయి. పదమూడు, పద్నాలుగు అడుగుల బోటుకు అవి నిజంగానే మంచివి. పక్కవాలును మాత్రం స్విచ్‌తో సరిచేసుకోలేరు. ప్లేటు బదులు పలుచని బ్లేడు నిలువుగా దిగే జిప్‌వేక్ తరహా ఇంటర్‌సెప్టర్లు చాలా చురుగ్గా పనిచేస్తాయి, కానీ ఈ సైజు బోటుకు ఖర్చెక్కువ, సందుల్లో నత్తగుల్లలు చేరితే బ్లేడు ఇరుక్కుంటుంది.

ఇక బిగింపు.

ప్లేటు బయటి అంచు, అడుగూ పక్కగోడా కలిసే అంచు నుంచి 3–4 అంగుళాలు లోపలికి ఉండాలి. మరీ అంచుకు పెడితే మలుపులో ఆ వైపు వాలినప్పుడు ట్యాబ్ నీటిని పట్టుకుని బోటును విసురుగా తిప్పుతుంది. లోపలి అంచుకూ ఇంజిన్ మధ్యరేఖకూ కనీసం 8 అంగుళాల దూరం వదలాలి. అంతకంటే దగ్గరైతే ట్యాబ్ కలచిన నీరు, గాలి ప్రొపెల్లర్‌కు చేరతాయి. మలుపుల్లో ఇంజిన్ ఉన్నట్టుండి గొంతు పెంచి, పట్టు వదిలేస్తుంది. ట్రాన్స్‌డ్యూసర్ ట్యాబ్‌కు ముందూ ఉండకూడదు, దాన్ని ఆనుకునీ ఉండకూడదు. చోటు చాలకపోతే జరపాల్సింది ట్రాన్స్‌డ్యూసర్‌నే, ట్యాబ్‌ను కాదు.

ఎత్తు విషయంలో చాలామంది తప్పటడుగు వేస్తారు. హింజ్ (ప్లేటును పలకకు కలిపే మడతబందు) పలక అడుగు అంచుకు సమానంగా కాదు, 6 నుంచి 10 మిల్లీమీటర్లు పైకి ఉండాలి. కిందికి పొడుచుకు వస్తే ముందు నుంచి వచ్చే నీరు హింజ్ అంచుకు కొట్టుకుంటుంది. ట్యాబ్ పైకి ఎత్తి ఉన్నా డ్రాగ్ తప్పదు, పైగా వెనుక నీటితుంపర లేస్తుంది. అడుగు వి ఆకారంలో ఉంటుంది కాబట్టి హింజ్ ఆ వాలుకు సమాంతరంగా పోవాలి. ట్రైలర్ మీద బోటు ఎలా నిలబడిందో చూసి స్పిరిట్ లెవెల్‌తో గీత గీస్తే రెండు ట్యాబ్‌లూ రెండు రకాలుగా వస్తాయి. కొలత ఎప్పుడూ అడుగు అంచు నుంచే తీయాలి. ఒక వైపు అట్టముక్కతో టెంప్లేట్ చేసి, అదే ముక్కను తిరగేసి రెండో వైపు వాడితే సరి.

డ్రిల్ పట్టే ముందు గుర్తుల మీద మాస్కింగ్ టేపు అతికించండి. మొదటి రంధ్రం పడ్డాక ఒక్క క్షణం ఆగి డ్రిల్ బిట్టు గాడుల్లోకి చూడండి. పొడిగా, లేత రంగులో, పొట్టులా రాలితే లోపలి ప్లైవుడ్ బాగుంది. నల్లగా, తడిగా, వేళ్లతో నలిపితే ముద్దయ్యేలా వస్తే వెనుక పలక లోపల కుళ్లుతోంది. అలాంటప్పుడు పని అక్కడితో ఆపాలి. కుళ్లిన చెక్కలో బిగించిన స్క్రూలు నాలుగు అలలకే ఊడతాయి, ట్యాబ్ కోసం వెళ్లి అసలుకే ఎసరు తెచ్చుకున్నట్టు అవుతుంది. పలక బాగుచేయించాకే మిగతా మాట.

హింజ్‌కు వాడేది సాధారణంగా 10వ నంబరు స్క్రూలు, అంగుళంపావు పొడవు, 316 గ్రేడు స్టెయిన్‌లెస్. ప్లైవుడ్ ఉన్న పలకకు 3.2 మిల్లీమీటర్ల పైలట్ రంధ్రం, మొత్తం ఫైబర్‌గ్లాసే అయితే 3.6. ఫైబర్‌లో 3.2 రంధ్రం పెట్టి బలవంతంగా తిప్పితే స్క్రూ తల తెగి మర భాగం లోపలే ఉండిపోతుంది. రంధ్రం వేశాక దాని మూతిని కౌంటర్‌సింక్ బిట్టుతో కాస్త వెడల్పు చేయాలి. జెల్‌కోట్ (ఫైబర్ మీది నున్నని పై పొర) దాటి ఒక మిల్లీమీటరు లోతు చాలు. ఇది వదిలేస్తే స్క్రూ బిగుస్తున్నప్పుడు జెల్‌కోట్ నక్షత్రంలా చిట్లుతుంది. ఆ వెడల్పు మూతిలో సీలెంట్ కూడా ఉంగరంలా నిలుస్తుంది. పవర్ డ్రైవర్‌తో సగం దాకా తిప్పి, చివరి మలుపులు చేత్తోనే బిగించండి.

సీలెంట్ మీద వాదనలు బోలెడు. నీటిగీత కింద సిలికాన్ వద్దు. జెల్‌కోట్‌ను గట్టిగా పట్టుకోదు, పోయాక దాని జిడ్డు మీద మరేదీ పట్టదు. పాలియురేథేన్ వాడాలి. త్రీఎం 5200 గట్టిగానే పడుతుంది, ఎంత గట్టిగా అంటే తర్వాత ట్యాబ్ మార్చాలంటే జెల్‌కోట్ పెచ్చుతో సహా ఊడొస్తుంది. ఎప్పటికైనా విప్పాల్సిన సామానుకు 4200 లేదా సికాఫ్లెక్స్ 291 సరిపోతాయి. ఫాస్ట్ క్యూర్ 4200కు ఒక రోజు. మామూలు 5200కు ఐదు నుంచి ఏడు రోజులు ఆరనివ్వాలి. రంధ్రంలోకి కొంచెం, స్క్రూ మర మీద కొంచెం, హింజ్ వెనుక సన్నని గీతలా కొంచెం. అంచుల వెంట కొద్దిగా పొంగి వస్తే చాలు. హింజ్ పిన్నులోకి పోతే మాత్రం ఆరకముందే తుడవండి, లేదంటే ప్లేటు బిర్రబిగుసుకుపోతుంది.

అల్యూమినియం బోటుకు ఈ పద్ధతి కుదరదు. పలుచని రేకులో సొంతమర స్క్రూలు నిలవవు, బోల్టు, నట్టు, వెనుక దన్నుపలక కావాలి. స్టెయిన్‌లెస్‌కూ అల్యూమినియానికీ మధ్య టెఫ్‌జెల్ లేదా డ్యూరలాక్ లాంటి తుప్పు ఆపే పేస్టు పూయకపోతే ఉప్పునీటిలో రంధ్రం చుట్టూ తెల్లని పొడి మొదలవుతుంది, అది అల్యూమినియం తినబడుతున్న గుర్తు.

యాక్చువేటర్ పై బ్రాకెట్ ఎక్కడ పెట్టాలన్నది మొత్తం పనిలో కీలకం. దీన్ని టేపుతో కొలిచి పెట్టకూడదు, ఎందుకంటే ప్రతి బోటు వెనుక పలక వంపూ వేరు. యాక్చువేటర్‌ను పూర్తిగా లోపలికి ముడిచి ఉంచాలి. తిన్నని అల్యూమినియం పట్టీని అడుగుకు ఆనించి, ట్యాబ్ కిందుగా వెనక్కి పొడుచుకు వచ్చేలా పట్టుకోవాలి. ట్యాబ్ వెనుక అంచు ఆ పట్టీ కంటే ఇంచుమించు ఒక సెంటీమీటరు పైకి ఉన్నప్పుడు పై బ్రాకెట్ ఎక్కడ పడుతుందో అదే దాని చోటు. మీ కిట్ కాగితంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. బ్రాకెట్ మరీ కిందికి పడితే ట్యాబ్ ముడిచినా కొంచెం దిగే ఉంటుంది. పూర్తి వేగంలో ముక్కు లేవదు, నాలుగైదు నాట్లు పోతాయి, కారణం తెలియక ఇంజిన్‌ను అనుమానిస్తారు. మరీ పైకి పడితే కిందికి దిగే పరిధి తగ్గిపోతుంది. 9 అంగుళాల ప్లేటుకు వాడే మామూలు యాక్చువేటర్ కదలిక రెండుంపావు అంగుళాలే, అందులో అర అంగుళం వృథా అయితే లోటు తెలుస్తుంది.

వైరు లోపలికి పోయే రంధ్రం నీటిగీత కింద ఉంటుంది కాబట్టి ఆ ఒక్క చోట పిసినారితనం పనికిరాదు. రంధ్రం లోపలి గోడకు, అంటే ప్లైవుడ్ పొరకు, ముందు ఎపాక్సీ పూసి ఆరనిచ్చి, ఆ తర్వాత గ్లాండ్ (వైరు చుట్టూ బిగుసుకుని నీటిని ఆపే బిగింపు), సీలెంట్ పెట్టాలి. బ్రాకెట్ మీద కప్పు ఉందిలే అని చెక్కను వట్టిగా వదిలితే కొన్నేళ్లకు పలక మెత్తబడేది సరిగ్గా అక్కడి నుంచే.

కరెంటు పని చిన్నదే. పాజిటివ్ వైరు బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ గుండా పోవాలి, ఈ తరహా కిట్‌లకు చాలావరకు 20 ఆంపియర్లు. వైరు సైజులో లోభం చూపకండి. బ్యాటరీ నుంచి యాక్చువేటర్‌కు 6 మీటర్లంటే రానూపోనూ 12 మీటర్లు. 5 ఆంపియర్లు లాగినప్పుడు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో సుమారు 0.4 వోల్టు పోతుంది, 1 చదరపు మిల్లీమీటరు వైరులో సుమారు ఒక వోల్టు. ఒక వోల్టు తగ్గితే వేగంలో ట్యాబ్ దించేటప్పుడు మోటారు ఈడుస్తుంది. తగరం పూత ఉన్న వైరు, జిగురు ఉన్న హీట్‌ష్రింక్ జాయింట్లు వాడండి. బిల్జ్ (బోటు అడుగు లోపలి భాగం) తేమలో మామూలు రాగి నల్లబడిపోతుంది.

ఇంజిన్ ఆపగానే ట్యాబ్‌లను తనంతట తానే పైకి లాగే సౌకర్యం కొన్ని స్విచ్‌లకు ఉంటుంది. దానికి రెండు కనెక్షన్లు కావాలి: ఎప్పుడూ కరెంటు ఉండే లైను ఒకటి, తాళం తిప్పితే వచ్చేది ఒకటి. రెండూ తాళానికే కలిపితే తాళం తీసేసరికి కరెంటే ఉండదు, ట్యాబ్‌లు దిగినవి దిగినట్టే ఉండిపోతాయి. ఈ సౌకర్యానికి అదనంగా ఖర్చు పెట్టడం నూటికి నూరుపాళ్లు సబబు, ఎందుకంటే దిగిన ట్యాబ్‌లతో వెనక్కి నడిపితే నీరు ప్లేటు మీద పైనుంచి పడి యాక్చువేటర్ రాడ్డు వంగుతుంది. ట్రైలర్ ఎక్కించేటప్పుడు ప్లేటు పట్టీకి తగలడం ఇంకో ముప్పు.

స్విచ్ బిగించాక చాలామంది “వైర్లు తారుమారయ్యాయి” అని గోల పెడతారు. ఎడమ బటన్ నొక్కితే కుడి ట్యాబ్ దిగుతోంది కదా అని వాళ్ల ఫిర్యాదు. అది తప్పు కాదు. చాలా స్విచ్‌లు ముక్కు లెక్కన పనిచేస్తాయి: ఎడమ ముక్కు దించమంటే కుడి వెనుక లేవాలి, అందుకు దిగాల్సింది కుడి ట్యాబే. గట్టు మీదే ఒకరు వెనుక నిలబడి, ఒకరు స్విచ్ నొక్కి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

నీళ్లలో మొదటి పరీక్షకు గాలి, అల లేని చోటు చూసుకోండి. ట్యాబ్‌లు పూర్తిగా పైకి ఎత్తి, పూర్తి వేగం ఎంతో, ఇంజిన్ తిరుగుళ్లు ఎన్నో రాసుకోండి. బిగించకముందు అంకెలతో పోలిస్తే ఒకటి రెండు నాట్లకు మించి పడిపోకూడదు. పడితే బ్రాకెట్ ఎత్తు మళ్లీ చూడాలి. ఆ తర్వాత రెండు ట్యాబ్‌లూ దించి లేపండి, పరుగందుకున్నాక మెల్లగా పైకి తీయండి. స్విచ్‌ను అర సెకను నొక్కి వదిలి, బోటు స్పందించే దాకా రెండు మూడు సెకన్లు ఆగాలి. కొత్తవాళ్లు ఆగరు; ఇంకా ఇంకా నొక్కి, ముక్కు నీళ్లలో తవ్వుతుంటే స్టీరింగ్ ఎందుకు బిగిసిందా అని తికమకపడతారు. వెనుక నుంచి పెద్ద అలలు తరుముతున్నప్పుడు రెండూ పైకే ఉండాలి. ముక్కు దించి అల దిగితే అది ముందున్న నీటిలో గుచ్చుకుంటుంది, వెనుక అల బోటును అడ్డంగా తిప్పేస్తుంది.

ఒక ట్యాబ్ కదలకపోతే ముందు ఎడమ, కుడి యాక్చువేటర్ ప్లగ్గులను ఒకదానికొకటి మార్చి చూడండి. లోపం వైపు మారితే స్విచ్, కంట్రోల్ పెట్టెలో ఉంది. అదే యాక్చువేటర్ దగ్గర ఉండిపోతే దానిదే తప్పు. దాని రెండు వైర్లకు బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులిస్తే రాడ్డు బయటికి రావాలి, వైర్లు తిప్పి ఇస్తే లోపలికి పోవాలి. మోటారు మోగుతూ రాడ్డు కదలకపోతే గేర్లు అరిగాయి. మోగకుండా ఫ్యూజ్ కొట్టేస్తుంటే నీరు దిగింది. నీళ్ల మధ్యలో ట్యాబ్ కిందే చచ్చిపోతే కింది పిన్ను తీసి ప్లేటును తాడుతో పైకి కట్టేసి ఇంటికి రావచ్చు, దానికి తగ్గ పానా బోటులోనే ఉంచుకోండి.

నీళ్లలోనే ఉండే బోటుకు ప్లేట్ల మీద ఆనోడ్లు (ప్లేటుకు బదులు తాము కరిగిపోయే లోహపు ముక్కలు) తప్పనిసరి: ఉప్పునీటికి జింకు, మంచినీటికి మెగ్నీషియం, రెండూ కలిసే చోట అల్యూమినియం. సగం కరిగాక మార్చాలి, వాటి మీద రంగు వేయకూడదు. ప్లేట్లకు నాచు పట్టకుండా రంగు వేసేటప్పుడు యాక్చువేటర్ రాడ్డును టేపుతో మూసేయండి. రంగు పట్టిన రాడ్డు లోపలికి పోయినప్పుడల్లా సీలును గీరుతుంది. ట్రైలర్ బోటైతే ఉప్పునీటిలో తిరిగి వచ్చిన ప్రతిసారీ ట్యాబ్‌లు పూర్తిగా దించి, రాడ్డు మీద మంచినీళ్లు పోసి, మళ్లీ ముడవాలి. ప్రెషర్ వాషర్‌ను మాత్రం సీలు మీదికి పెట్టకండి, అలలు చేయలేని పని అది చేస్తుంది.